అప్ప మాటల పెట్టె

మా వైపు అక్కను అప్ప అంటాం. అప్ప గొంతు తీసేస్తారని ఖాయమైన రోజున నేను మొదట చేసిన పని, ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి మాట్లాడమనడం. గొంతులో రాచపుండు ముదిరింది, స్వరపేటిక తీయక తప్పదని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే, తనకు పిల్లల్లేరు. నేను శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మీట నొక్కితే ఆమె గొంతే వినిపించే పెట్టె చేసిస్తానన్నాను.

"నీళ్లు కావాలి, నొప్పిగా ఉంది, ఇలాంటివి చెప్పప్పా."

"నీల్లు కావాలంటే నానే లెగిసి తాగుతాను. దానికి పెట్టెందుకురా?"

అప్పటికే ఆ గొంతు బొంగురుపోయింది. నా బలవంతం మీద అవన్నీ చెప్పింది. తర్వాత తనంతట తానే ఫోను దగ్గరకు లాక్కుని, "అన్నం తిన్నావేటి?" అంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆమె అడిగే మొదటి మాట అదే.

ఆపరేషన్ అయింది. బావ ఆమెను కోటబొమ్మాళి దగ్గర వాళ్ల ఊరికి తీసుకొచ్చాక, ఒక ఆదివారం సామాన్లన్నీ పట్టుకుని వెళ్లాను. అప్ప మెడకు కట్టుతో మంచం మీద కూర్చుని చూస్తోంది. మీటలను మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపాను. ఆమె మాటలున్న మెమరీ కార్డు, స్పీకరు ఇంకో చిన్న బోర్డుకు ఉన్నాయి. ఏ మీట నొక్కారో మొదటి బోర్డు సీరియల్ వైరు మీద రెండోదానికి చెప్పాలి. అది ఆ మాట వినిపించాలి.

మీట నొక్కాను. ఏమీ లేదు. చూస్తే, పంపే పిన్నును పంపే పిన్నుకే కలిపాను. పిల్లలు ఈ తప్పు చేస్తే ల్యాబులో కేకలేస్తాను. ఒకదాని పంపే పిన్ను రెండోదాని అందుకునే పిన్నుకు వెళ్లాలి. మార్చాను. అయినా పలకలేదు. గ్రౌండ్ వైరు సరిగానే ఉంది. అప్ప నా భుజం తట్టి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపింది. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము మళ్లీ చదివితే తెలిసింది, ఒక బోర్డు పంపే వేగం వేరు, రెండోది అందుకునే వేగం వేరు. రెండింటికీ ఒకే వేగం పెట్టి, చేతికందిన మీట నొక్కాను.

"అన్నం తిన్నావేటి?"

పెరట్లోంచి బావ వెంటనే బదులిచ్చాడు. "ఇప్పుడేటి అన్నమే, గేదెకి గడ్డెయ్యనీ..."

మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత పరుగు చప్పుడు. బావ చేతిలో గడ్డితోనే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటే, మాటొచ్చీసిందేటే?" అంటూ అప్ప నోటి వంకే చూశాడు.

అప్ప తల అడ్డంగా ఊపి పెట్టెను చూపించింది. బావ గడ్డి అక్కడే వదిలేసి గోడకు చేరగిలబడ్డాడు. అప్ప ఏడ్చింది. శబ్దం లేదు, మెడ కట్టు మాత్రం ఎగిరెగిరి పడింది. ఇద్దరి వైపూ చూడలేక నేను వైర్లు సర్దుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె ఆ ఒక్క మీటే వాడింది. మధ్యాహ్నం బావ పొలం నుంచి రాగానే నొక్కేది. ఆయన పెట్టె వైపు చూసేవాడు కాదు. ఆమె మొహంలోకి చూసి, "తిన్లేదే, పెట్టు" అనేవాడు.

వానలు తగ్గేసరికి జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. అప్ప పోయింది.

పెద్దకర్మ అయ్యాక బావ పెట్టెను తువ్వాలులో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వట్టుకెల్లిపోరా."

"ఉంచుకో బావా. అప్ప గొంతు కదా."

"నిన్న నొక్కినాను. అన్నం తిన్నావేటని అడిగింది. తిన్లేదే అన్నాను. అనీసి, పల్లెం అట్టుకొని కూకున్నాను. ఎంతసేపు కూకున్నానో తెల్దు. ఇంట్లో ఎవులున్నారురా పెట్టడానికి?"

పట్టుకొచ్చాను. బస్సు శ్రీకాకుళం చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. దారిలోనే పక్క సీటులో ఉన్న ముసలామె తన సంచి తీసుకుని లేచి, నాకు కిటికీ పక్క చోటిచ్చింది.