అద్దంగారి ఆకుపచ్చ టోపీలు

ముఖం ఎవరిదైనా సరే, దాన్ని అందరికంటే తక్కువసార్లు చూసేది ఆ ముఖం గలవాడే. ఇది వేదాంతం కాదు, లెక్క. పొద్దున గడ్డం గీసుకుంటూ ఒకసారి, తల దువ్వుకుంటూ ఒకసారి. మిగతా రోజంతా దాన్ని భరించేది ఎదుటివాళ్ళే. కాబట్టి టోపీకి రంగు ఎంచే హక్కు కూడా ఎదుటివాళ్ళదే అని గడ్డిటోపీలు కుట్టే ఒకాయన తీర్మానించుకుని, నలభై ఏళ్ళు ఆ తీర్మానం మీదే బతికాడు. ఆయన కొట్లో అద్దం లేదు. అందుకని ఊరు ఆయనకి అద్దంగారని పేరు పెట్టింది.

తిరుగుబోతు కాళ్ళవాణ్ణి గనక నేను చాలా ఊళ్ళలో టోపీలు కొన్నాను, అంతకంటే ఎక్కువ రైళ్ళలో మరిచిపోయాను. మరిచిపోయిన టోపీలన్నీ చివరికి ఎక్కడికి చేరతాయో ఏ పుస్తకంలోనైనా ఉంటుందేమోనని వెతికాను కూడా. లేదు. గ్రహాల దారులు రాసిపెట్టినవాళ్ళు టోపీల సంగతి వదిలేశారు. అది అలా ఉంచి, అద్దంగారి కొట్టుకి వద్దాం.

టోపీ కావలసినవాళ్ళు గుమ్మంలో, పగటి వెలుతురులో నిలబడాలి. ఆయన లోపల ఎత్తు తక్కువ పీట మీద కూర్చుని చూస్తాడు. గ్లాసెడు నీళ్ళు తాగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. తరవాత తీర్పు. నేరేడు రంగు. మెంతి రంగు. కాల్చిన ఇటుక. ఒకావిడ, "నాకు ఎరుపంటే ఇష్టమండీ" అంది నా ఎదుటే.

"ఇష్టమైతే ఎర్ర దుప్పటి కొనుక్కోండమ్మా. కప్పుకుని పడుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

ఆవిడ బూడిద రంగు టోపీ పెట్టుకుని వెళ్ళింది. బాగుంది కూడా. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

పని ఇలా ఉంటుంది. గోధుమ గడ్డిని కణుపుకీ కణుపుకీ మధ్య కోసి, నానబెట్టి, నిలువునా చీలుస్తారు. అల్లకముందే రంగు వేస్తారు. టోపీ అయ్యాక వేస్తే రంగు పైపైనే ఉండి, మడతల్లో గడ్డి తెల్లగా నవ్వుతుంది. రంగు గడ్డి ఆరాక ఏడు పోగుల జడ అల్లుతారు, బొటనవేలు వెడల్పున. ఆ జడని నడినెత్తిన చిన్న చుట్టగా మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు సగం ఎక్కేలా కుట్టుకుంటూ అంచుదాకా వస్తారు. కుట్టు పైకి కనిపించకూడదు. చివర్న చెక్క అచ్చుకి తొడిగి ఆవిరి పడితే తల ఆకారం వస్తుంది. నానబెట్టడం, ఆరబెట్టడం, అల్లడం భార్య పని. రంగు కలపడం, కుట్టడం ఆయన పని.

రంగుకి ఆయన దగ్గర కొలత లేదు. "కొలిచి వేసేది వంట, చూసి వేసేది రంగు" అనేవాడు. నలభై ఏళ్ళుగా దేన్నీ కొలవకుండా వండిపెడుతున్న భార్య ఆ మాట వింటూనే కూరలో ఉప్పు చల్లేది. మరుగుతున్న గుండిగలో పొడులు చల్లి, ఒక గడ్డిపోచ ముంచి, కిటికీ దగ్గర పట్టుకు చూసి, "ఊ" అని గరిటె ఆవిడ చేతికిచ్చి, వీధి మెట్టు మీద కూర్చోడానికి వెళ్ళిపోయేవాడు. కాపలా కాసేవాడికి రంగు మీద నమ్మకం లేనట్టేనని ఆయన వాదం.

ఆ మెట్టు మీద ఆయన కూర్చున్న కాసేపట్లోనే, నాలుగేళ్ళుగా, లోపల ఒక పని జరుగుతూ వచ్చింది.

ఆయన కళ్ళకి శుక్లాలొచ్చాయి. శుక్లం వచ్చిన కన్ను పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టు చూస్తుందట, నీలాన్ని సగం మింగేస్తుందట. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత చెప్పినవాడు తెలివైనవాడే గాని, వాడెప్పుడూ రంగులు కలిపి ఉండడు. కలిపి ఉంటే రెండో సగం కూడా చెప్పేవాడు: అలాంటివాడు లోకాన్నంతా నీలంగా మార్చిపెడతాడని. అద్దంగారు తన కంటికి ఆకుపచ్చ అనిపించేదాకా నీలం చల్లేవాడు. గుండిగలో ఉన్నది నెమలిమెడ.

భార్యకి ఇది పోస్టుమాస్టరు టోపీతో తెలిసింది. ఇటుక రంగని ఆయన తీర్పిచ్చిన టోపీ వంకాయలా తేలింది. పోస్టుమాస్టరు దాన్ని పెట్టుకుని, ఇది ఇటుకే అని దారిపొడుగునా తనకి తాను చెప్పుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు. అద్దంగారి తీర్పు మీద అప్పీలు ఉండదు మరి. ఆ తరవాతి గుండిగలో ఆవిడ, ఆయన మెట్టు మీదకి వెళ్ళగానే, అరచెంచా పసుపు రంగు పొడి వేసింది. ఆయన కంట్లో ఉన్నదే పసుపు, గుండిగలో ఇంకాస్త పడితే ఏం కనిపిస్తుంది? ఏడాది తిరిగేసరికి ఒక చెంచా. మొన్న మొన్నటికి మూడు. ఊళ్ళో టోపీల రంగులు ఎప్పటిలాగే ఉన్నాయి. ఆయన పేరూ ఎప్పటిలాగే ఉంది.

ఆవిడ తమ్ముడు ఊరి బ్యాండు మేళానికి పెద్ద. బాకా ఊదుతాడు. మేళంలో పదహారుమందికీ ఒకే ఆకుపచ్చలో టోపీలు కావాలన్నాడు. తొమ్మిది పూర్తయ్యేసరికి సూదిలో దారం ఎక్కించడం అద్దంగారి వల్ల కాలేదు.

"కళ్ళు చూపించుకో బావా" అన్నాడు బావమరిది.

"కళ్ళకేం? రంగులు శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఈమధ్య సూది బెజ్జాలే చిన్నవి చేస్తున్నారు."

"అవునవును. రోడ్లు కూడా ఎగుడుదిగుడుగా వేస్తున్నారు, నువ్వొక్కడివే తట్టుకుని పడేందుకు."

నెల తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. పని చేసుకోవచ్చని డాక్టరు చెప్పిన రోజు అద్దంగారు మొట్టమొదట గోడకి వేలాడుతున్న తొమ్మిది టోపీల ముందుకెళ్ళి నిలబడ్డాడు. తాను అనుకున్న ఆకుపచ్చ, పిసరంత తేడా లేదు.

"చూశావా? అంత పొరలోంచి కూడా" అన్నాడు భార్యతో.

"ఊ" అంది ఆవిడ.

మిగతా ఏడింటికి గుండిగ పెట్టారు. ఆయన పొడులు చల్లి, పోచ ముంచి, టోపీ పక్కన పెట్టి చూశాడు. అచ్చంగా అదే. గరిటె ఆవిడకిచ్చి మెట్టు మీదకి వెళ్ళాడు. ఆవిడ చేయి దాని దారిన అది పసుపు డబ్బాలోకి వెళ్ళి మూడు చెంచాలు వేసొచ్చింది. చేతికి ఆపరేషన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

తడిలో అన్ని రంగులూ మంచివే. ఆవిడకి కూడా ఆ సాయంత్రం ఏమీ కనిపించలేదు. మర్నాడు డాబా మీద ఆరిన గడ్డి పసుపెక్కి చిలక రెక్కలా ఉంది. దాన్ని చూడగానే ఆవిడకి తన చెంచా గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తేల్చుకునేలోపే ఆయన మెట్లెక్కి వచ్చి చూసేశాడు.

ఆయన మొదట ఆడలేక మద్దెల ఓడన్నట్టు పొడి కల్తీదన్నాడు. తరవాత నీళ్ళని అన్నాడు. తరవాత డాక్టరు దగ్గరికెళ్ళి, కొత్త కళ్ళు అబద్ధం చెబుతున్నాయి, పాతవి తిరిగిచ్చెయ్యమన్నాడు. డాక్టరు గోడ మీది అక్షరాలు చదివించాడు. అద్దంగారు ఆఖరి వరస చదివి, దాని కింద అచ్చువేసినవాడి చిరునామా కూడా చదివాడు.

"కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అన్నాడు డాక్టరు.

"అయితే పోయింది నేనన్నమాట" అన్నాడు అద్దంగారు. ఇంటికి వచ్చేశాడు.

పొరలు కమ్మిన కళ్ళతో తొమ్మిదింటికి సరిగ్గా కలిపినవాడు, మంచి కళ్ళతో ఒక్క గుండిగ కలపలేకపోయాడంటే ఇక కలిపే మనిషే అయిపోయినట్టు. ఇకనుంచి గడ్డి రంగు టోపీలే కుడతానన్నాడు. ఎవరినీ గుమ్మంలో నిలబెట్టనన్నాడు. బావమరిదికి తొమ్మిది టోపీలు ఇచ్చేసి, మిగతా ఏడుగుర్నీ వెనక వరసలో నిలబెట్టుకోమని కబురు పంపాడు. రంగు డబ్బాలు పక్కవీధి చాపల ఆవిడకి ఇచ్చెయ్యడానికి ఒక్కొక్కటీ పాత కాగితంలో చుట్టడం మొదలుపెట్టాడు. ఆయన విసుక్కోలేదు, తిట్టలేదు. అది చూసే భార్యకి భయం వేసింది.

నీలం అయింది, ఎరుపు అయింది. పసుపు డబ్బా అందుకున్నాడు.

"అది ఇవ్వకండి" అంది.

"ఎందుకు?"

"అందులో చెంచా నాది."

"చెంచా తీసుకో. డబ్బా ఇచ్చేస్తా."

"మీకు చెప్పేదేమిటంటే" అని ఆవిడ పోస్టుమాస్టరు నుంచి మొదలుపెట్టి చెప్పింది. ఆయన కాగితం మడత చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"నాలుగేళ్ళా?"

"నాలుగేళ్ళు."

"మొన్న కూడానా?"

"మొన్న అలవాటుకొద్దీ పడింది. మీరు కలిపింది సరిగ్గానే ఉంది. నేనే చెడగొట్టాను."

"నాతో చెప్పొచ్చుగా అప్పుడే."

"చెబితే వినేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు.

"వినేవాణ్ణి కాదు. ఆ కసితో ఇంకో చెంచా నీలం వేసేవాణ్ణి."

"మరి."

డబ్బాలన్నీ మళ్ళీ విప్పాడు. ఆ రోజే గుండిగ పెట్టించి, కలిపి, పోచ ముంచి ఆవిడ ముందు పట్టాడు. "చూడు." ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, సరిపోయిందంది. ఆయన గరిటె ఇచ్చాడు గాని, మెట్టు మీదకి వెళ్ళలేదు. అక్కడే నిలబడ్డాడు.

"మీరలా నెత్తిమీద నిలబడితే నాకు చేతులాడవు" అంది.

"ఆడకూడదనే నిలబడ్డా."

గడ్డి ఆరాక ఆకుపచ్చగానే ఉంది. ఏడూ కుట్టడం అయ్యాక బావమరిది తన తొమ్మిదీ తెచ్చి, పదహారు టోపీలూ వరసగా పెట్టి, ఏవి ముందువో ఏవి వెనకవో పోల్చలేక, "బావా, నీ కన్ను కన్నే" అన్నాడు.

"నా కన్ను కాదు. ఆ తొమ్మిదీ మీ అక్క వేసిన రంగు. ఈ ఏడే నావి. అసలు నాలుగేళ్ళుగా ఊరు పెట్టుకున్న టోపీలన్నీ మీ అక్క రంగులే."

బావమరిది టోపీ కింద పెట్టి అక్క వైపు తిరిగాడు. "అక్కా, ఆపరేషన్ కళ్ళకేనా చేశారు? బావ నిన్ను మెచ్చుకుంటున్నాడు."

"కంట్లో చుక్కలు వేసుకున్నప్పుడల్లా ఇలాగే మాట్లాడుతున్నార్రా. నువ్వు పట్టించుకోకు" అంది ఆవిడ, జడ అల్లుతూనే, తలెత్తకుండా.

తమ్ముడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాక అద్దంగారు అడిగాడు. "నిజం చెబుతుంటే అబద్ధం ఎందుకు చేశావ్?"

"రేపీ మాట ఊరికి తెలిస్తే అందరూ ముఖాలు పట్టుకుని నా దగ్గరికొస్తారు. అవన్నీ చూస్తూ కూర్చోడానికి నాకు తీరికెక్కడిది? జడ ఎవరు అల్లుతారు, మీరా?"

ఆయన ఊరుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి నాలుగో కాలు ఒప్పుకున్నాక ఇక దాన్ని అందరికీ చూపించాలిగా. గుమ్మంలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాడు. పోస్టుమాస్టరుని ఆపి మరీ చెప్పాడు. పోస్టుమాస్టరు తన టోపీ ఇటుకేనని వాదించాడు. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు సరికదా, పెద్ద పనివాడికి ఎంత అణకువ చూడండని మెచ్చుకుంటూ ఇంకా నలుగురిని వెంటబెట్టుకొచ్చారు.

నేను వెళ్ళినప్పుడు నాకూ చెప్పాడు, మెంతి రంగు తీర్పు ఇచ్చిన తరవాత. నేను ఆ ఊరివాణ్ణి కాదు గనక నమ్మాను. లోపలినుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఆయన మాటలకేం గాని, మీరు కూర్చోండి బాబూ. చుక్కలు వేసుకున్నారు."

అద్దంగారు సూదిలో దారం ఎక్కించుకుంటూ నాతో మెల్లగా అన్నాడు.

"చుక్కలు ఆపేసి ఎనిమిది నెలలైంది."