మేం దాచిన తూము రాయి

యాప్రాల్‌లో మా ఇంటి రెండో పడకగదే నా ఆఫీసు. సముద్రంలో మునిగిన ఓడలు, రాతి లంగర్లు, పాత రేవుల గోడలు, వీటి వివరాలన్నీ ఒకచోట చేర్చి అందరూ చూసేలా కంప్యూటర్లో పెట్టే ప్రాజెక్టులో పనిచేసేదాన్ని. కోస్తాలో పుట్టి, సముద్రాన్ని వదిలి ఇంత దూరం వచ్చి, మళ్లీ సముద్రం గురించే టైపు చేస్తున్నావేమిటని మావారు ఏడిపించేవారు.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. మునిగినది ఏమిటో, ఎలా ఉందో ఎవరికైనా చెప్పొచ్చు. ఎక్కడుందో మాత్రం కచ్చితంగా చెప్పకూడదు. చెబితే అందరికంటే ముందు దొంగలు దిగుతారు. అందుకే అందరూ చూసే మ్యాపులో చుక్క పెట్టం, కొన్ని కిలోమీటర్ల మేర గుండ్రంగా గీత గీస్తాం. అసలు చోటు ఆఫీసువాళ్ల దగ్గర తాళం వేసి ఉంటుంది. సముద్రానికి ఇది బాగానే ఉంది. అంత నీళ్లలో ఎవడు వెతుకుతాడు?

తర్వాత మా పైవాళ్లకు చెరువుల మీదికి మనసు పోయింది. శామీర్‌పేట అవతల ఒక చెరువులో పాత తూము రాయి ఉందని తెలిసి వెళ్లాను. అక్కడ చేపలు పట్టేవాళ్ల సంఘం పెద్ద నన్ను తెప్పలో తీసుకెళ్లాడు. గట్టి మనిషి, నోరు అంతకంటే గట్టిది. నీళ్లు తగ్గి రాయి తల బయటపడింది. దాని మీద ఒక పడవ, కింద రెండు చేపలు చెక్కి ఉన్నాయి.

"కొత్త వల కట్టినంక ముందుగాల దీనికే ఆనిస్తం. గప్పుడే నీళ్లల్ల ఇడుస్తం. మా నాయిన గట్లనే జేసిండు, నేను గట్లనే జేస్తున్న. పైలంగ రాస్కో బిడ్డా," అన్నాడు.

పైలంగానే రాసుకున్నాను. కానీ ఆఫీసు చెప్పిన కొలతతో గీత గీస్తే అందులో చెరువు, కట్ట, పక్క ఊళ్లు, తుర్కపల్లికి కంపెనీ క్యాబులు పోయే రోడ్డు, అన్నీ పడ్డాయి. చెరువుకైనా కాస్త చిన్నగా గీయనివ్వండని అడిగాను. సముద్రానికైనా చెరువుకైనా కట్టుబాటు ఒకటేనన్నారు. కొన్నాళ్లకు ప్రాజెక్టులో నా గడువు ముగిసింది. నా లాగిన్ తీసేశారు, నా దగ్గరున్నవన్నీ చెరిపేయమన్నారు. బుద్ధిగా చెరిపేశాను.

పోయిన ఎండాకాలం పెద్దాయన ఫోన్ చేశాడు. "పూడిక తీస్తున్నరు బిడ్డా. మిషిన్ మన రాయి దిక్కే వస్తాంది. జల్దీ రా."

వెళ్లేసరికి చెరువు సగం ఎండి, రాయి మీద బురద పేరుకుపోయి ఉంది. సంఘంవాళ్లు పారలతో తవ్వుతుంటే తవ్విన గుంట తవ్వినట్టే పూడుకుపోతోంది. పూడిక పనుల సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు. ఫోన్లో మా మ్యాపు తెరిచి నా ముందు పెట్టాడు.

"గిదేంది మేడం? ఊర్లకు ఊర్లు గలిపి గుండ్రంగ గీసిన్రు. దీన్ని జూసి నేనేడ ఆపాలె?"

"ఈ పెద్దాయన చోటు చూపిస్తున్నాడు కదండీ!"

"ఆయన జూపిచ్చిండని కాయితంల రాస్తే మా సార్లు ఊకుంటరా? పొద్దుగూకేదాంక మిషిన్ ఆ పక్కకు పెడ్త. గంతల మీ ఆఫీసు నుంచి అసలు పాయింట్ తెప్పియ్యుర్రి."

కట్ట మీదే నిలబడి ఆఫీసుకు ఫోన్ చేశాను. కొత్తగా చేరిన అమ్మాయి, గొంతు మహా మర్యాదగా ఉంది. "మీరిప్పుడు బయటివారు కదండీ. అర్జీ పెట్టండి, కమిటీ చూస్తుంది."

"ఆ వివరం మీకిచ్చింది నేనేనమ్మా."

"అయితే కట్టుబాటు మీకు తెలిసే ఉంటుంది కదండీ," అంది.

ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? ఎండలో కూర్చుని ఫోన్లోనే అర్జీ రాసి పంపాను. తెలిసిన ప్రతివాళ్లకూ ఫోన్ చేశాను. సగంమంది ఎత్తలేదు, ఎత్తినవాళ్లు అయ్యో అన్నారు. పెద్దాయన మాటిమాటికీ నా మొహంలోకి చూస్తున్నాడు, నేను ఫోన్లోకి చూస్తున్నాను.

పొద్దుగూకింది. మిషన్ ఇటు తిరిగింది. పెద్దాయన చేతులూపుతూ బురదలో పడుతూ లేస్తూ ఉరికాడు, సంఘంవాళ్లే ఆయన్ని పట్టుకుని వెనక్కి లాగారు. రాయి రెండు ముక్కలై వచ్చింది. ఆ మసక వెలుతురులో పడవ ఉన్న ముక్కేదో, చేపలున్న ముక్కేదో కూడా తెలియలేదు. బురదతో పాటు టిప్పర్లో పడింది. ఎక్కడికి పోతుందని డ్రైవర్ని అడిగితే పేట్ బషీరాబాద్ దిక్కు ప్లాట్లు నింపడానికన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఉత్త చేతకాని ఏడుపు. పెద్దాయన ఏడవలేదు, తిట్టనూ లేదు. ఆ నోటి నుంచి ఒక తిట్టైనా వస్తే బాగుండునని నేను ఎదురుచూశాను.

వానలు పడ్డాక కమిటీ నుంచి మెయిల్ వచ్చింది. నా అర్జీ మంజూరైంది. రాయి ఉన్న చోటు వెంట్రుకవాసి తేడా లేకుండా పంపారు. పరిస్థితి ఎలా ఉందన్న చోట పదిలంగా ఉందని రాశారు. కింద ఒక షరతు పెట్టారు: ఈ వివరం ఎవరికీ, ముఖ్యంగా స్థానికులకు, చెప్పరాదు.

మెయిల్ ఇంకా తెరిచే ఉంది, పెద్దాయన ఫోన్ చేశాడు. చెరువు నిండుతోందని, చేపపిల్లలు వదిలామని చెప్పి, చివరికి అడిగాడు.

"మనం పెట్టిన అర్జీకి ఏమన్న జవాబిచ్చిన్రా బిడ్డా?"

"ఇంకా లేదు తాతా," అన్నాను.

"ఇస్తరు తియ్. పెద్ద ఆఫీసోళ్లు, మస్తు పనులుంటయి. నువ్వు పరేషాన్ గాకు," అని నన్నే ఊరడించాడు.