కుంకుమ మీదికి నెట్టిన తప్పు

మా సర్వర్‌లో ఫొటోలన్నీ పోయింది మా ఆవిడ పెట్టిన కుంకుమ వల్లేనని మా చుట్టాల్లో చాలామంది ఇంకా నమ్ముతున్నారు. అలా నమ్మించింది నేను. అది నిజం కాదు.

మదనపల్లెలో మా ఇంటి మేడమీద గదిలో ఉండేది ఆ పాత సర్వర్. నాలుగు హార్డ్ డిస్కులను ఒకటిగా కలిపి పనిచేసే కంప్యూటర్ పెట్టె. మా ఇంటి ఫొటోలూ, కుప్పంలోని మా ఆవిడ పుట్టింటి ఫొటోలూ అందులోనే. ఫోన్ నిండితే చాలు, "బావకు పంపండి, ఆయన దాస్తాడు" అనేవాళ్లు. వేరే కాపీ లేదు. సర్వరే కాపీ కదా అని నా ధీమా.

పెట్టె పాతబడింది. ఫైలు తెరవమని చెప్పి, కిందికి పోయి టీ తాగి రావచ్చు. కొత్త మదర్‌బోర్డు, డిస్కులను కలిపే కొత్త కార్డు తెప్పించాను. అక్కణ్ణుంచి అంతా చిరాకే. బోర్డు మరలు పాత పెట్టె రంధ్రాలకు కలవలేదు. కరెంటు కేబుల్ పొట్టిదైంది. మా ఊళ్లో దొరక్క పుంగనూరు పోయి ఇంకొకటి తెస్తే దాని కొన వేరే రకం. మళ్లీ పుంగనూరు.

ఇక డిస్కులు. ప్రతి ఆయుధపూజకూ మా ఆవిడ బండికి, మిక్సీకి, కుట్టుమిషనుకు పెట్టినట్టే ఈ పెట్టెకూ గంధం, కుంకుమ పెట్టేది. బయటికి కనిపించే డిస్కుల అంచులకు కూడా. ఏళ్లుగా పేరుకున్న ఆ గంధాన్ని విసుగ్గా తడిగుడ్డతో తోమేశాను. దాని కింద నేను మార్కరుతో రాసుకున్న వరస నంబర్లూ తుడిచిపెట్టుకుపోయాయి. ఏ డిస్కు ఏ అరలోదో తెలియలేదు. తోచినట్టు పెట్టాను. తెరమీద ఏమీ రాలేదు. మార్చి పెట్టాను, మళ్లీ మార్చాను. చివరికి, డిస్కులను ఖాళీ చేసి కొత్తగా సిద్ధం చేయాలా అని కంప్యూటర్ అడిగింది. చదివాను, అర్థమైంది కూడా. ఏదో ఒకటి కదిలితే చాలన్న కసితో సరే అని నొక్కాను.

కేబుల్ అమ్మిన పుంగనూరు అంగడాయనకే డిస్కులు చూపించాను.

"అంతా తుడిపేసినావు కద భాయ్. ఇంగేం ల్యా."

"కుంకుమ లోపలికి పోయుంటాదా?"

"మూతేసి బిగించిండే దాంట్లోకి కుంకుమ యాడ పోతాది?" అని నవ్వాడు.

ఇంటికొచ్చి, "కుంకుమ లోపలికి పోయిందంట. అంగడాయన చెప్పినాడు" అన్నాను. ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసి, తప్పు తనదేనని చెప్పుకుని ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను.

మొన్న కుప్పంలో మా బావమరిది ట్రాక్టరు కొన్నాడు. కొత్త బండికి మొదటి బొట్టు ఆ ఇంటి ఆడబిడ్డ పెట్టడం వాళ్ల ఆనవాయితీ. మా ఆవిడ కుంకుమ గిన్నె పట్టుకుని ముందుకు రాగానే, "అక్కా, నువ్వు దూరంగా ఉండు తల్లీ. ఇంజిన్లోకి పోతాది!" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, గిన్నె తమ్ముడి పెళ్లాం చేతికిచ్చి వెనక్కి జరిగింది. ఆ అమ్మాయే బొట్టు పెట్టేసింది.

ఇక ఉండలేకపోయాను. "కుంకుమతో ఏం పోలేదప్పా. డిస్కులు తుడిపేసింది నేనే. అంగడాయన చెప్పినాడనింది అబద్ధం."

"అట్లయితే మా అక్కను ఇన్నాళ్లూ యాల మాటలు పడనిచ్చినావు బావా?" అన్నాడు బావమరిది. వాడు గిన్నె లాక్కుని అక్క ముందు పెట్టాడు. "ఇంద, నువ్వే పెట్టక్కా."

"పెట్టేసినారు కద, ఉండనీలే" అంది ఆమె.

తిరుగు దారిలో పుంగనూరు దాటాక ఆమె అడిగింది.

"నీకు ఆ పొద్దే తెలుసు కదా?"

"తెలుసు."

"మాయమ్మతో నేను ఏడస్తాంటే పక్కనే ఉండావు."

"ఉండాను."

ఇల్లు చేరేదాకా ఆమె కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.