గోడ అవతల కూడా మున్సిపాలిటీయే

మా మున్సిపాలిటీలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేసిన ఏఈ మేడమ్ గారు పోయారు. రాజోలు నుంచి ఆవిడ తమ్ముడు గారు ఫోన్ చేసి, "పొద్దున్నే ప్రార్థన చేసుకుంటా కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందమ్మా అక్క" అని చెప్పారు. అప్పుడు నేను అమలాపురంలో, ఆఫీసులోనే ఉన్నాను. వార్త చెప్పగానే అందరం లేచి నిలబడ్డాం. పని మీద వచ్చి వరండాలో కూర్చున్న లేఅవుట్ల వ్యాపారి ఒకాయన మాత్రం నిట్టూర్చి, గొంతు తగ్గించి, "మంచావిడేనండీ పాపం. కాపోతే మహా మొండి" అన్నారు.

అవునండీ, మొండే. నేను గొంతు తగ్గించకుండానే చెబుతాను. ఆవిడ మొండి కాకపోతే మా ఊళ్ళో ఒక పేట పేటంతా ఇవాళ్టికీ చేలగట్టు మీద కాళ్ళు జారుతూ నడుస్తూ ఉండేది.

ఇళ్ళ స్థలాలు వేసి అమ్మేవాళ్ళు ముందుగా తమ ప్లాను మున్సిపాలిటీకి ఇవ్వాలి. అందులో వీధులూ, నడకదారులూ, మురుగు కాలువలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆవిడ పని. నేను వార్డు సచివాలయంలో కొత్తగా చేరి ఆవిడ దగ్గరే ఆ పని నేర్చుకున్నాను. ప్లాను బల్ల మీద పరిచి, పెన్సిల్‌ని ఓ మూల స్థలం మీద పెట్టి, అక్కణ్ణుంచి బస్సు రోడ్డు దాకా కాగితం మీద నడిపించేవారు. "పెన్సిల్ ఎత్తాల్సొచ్చిందంటే, అక్కడ మనిషి గోడ దూకాలని అర్థం అమ్మాయ్" అనేవారు. వీధి మలుపు కనిపిస్తే, "ఇక్కడ మంచం తిరుగుద్దా?" అని అడిగేవారు. నాకు మొదట్లో అర్థం కాలేదు. ప్రాణం మీదికి వచ్చినా, ప్రాణం పోయినా, మనిషిని మోసే మంచం ఆ మలుపు తిరగాలి కదా.

స్థలం చూడటానికి వెళ్తే ఎవరైనా బోండాం కొట్టి ఇస్తారు. కోనసీమలో అది మర్యాద, వద్దంటే తప్పు. ఆవిడ నవ్వుతూ, "సంతకం అయ్యాక తాగుతానండీ" అనేవారు. సంతకం అయ్యాక, "ఇప్పుడు దాహం లేదండీ" అనేవారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అంబాజీపేటలో ఆగి, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తన చేత్తో కొనిపెట్టేవారు.

ఊరి చివర కొబ్బరితోట కొట్టేసి ఒక లేఅవుట్ వేశారు. ఆ స్థలం వెనకాలే కూలినాలి చేసుకునేవాళ్ళ పేట ఉంది. పేటకి దారంటే చేల మధ్య గట్టే. లేఅవుట్‌లో వేసే రోడ్డు, పక్కనున్న భూమి హద్దు దాకా వెళ్ళి, తెరిచి ఉండాలన్నది నిబంధన. ఆ ప్లానులో రోడ్డు హద్దు దాకా రాకముందే ఆగిపోయింది. వెనక పొడుగునా గోడ గీసి ఉంది.

మేడమ్ గారు నన్ను వెంటబెట్టుకుని వర్షంలోనే ఆ గట్టు మీదికి వెళ్ళారు. పేటలోని ఒక పెద్దావిడ ఎదురొచ్చింది.

"మా కోడలికి నొప్పులొస్తే కుర్చీలో కూచోబెట్టి మోసేరండీ. గట్టు సగంలోనే కనేసింది."

"బిడ్డ బాగున్నాడా?"

"దేవుడి దయండీ, బతికేడు. ప్రతిసారీ ఆయన్నే పిలుస్తుంటే ఆయనకీ ఇసుగే కదండీ."

మేడమ్ గారు నవ్వారు. మర్నాడు ప్లాను వెనక్కి పంపేశారు.

లేఅవుట్ యజమాని ఆఫీసుకి వచ్చాడు. చేతులు కట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు.

"గోడ లేకపోతే కొనేవాళ్ళు రారండీ మేడమ్ గారూ. ఆ పేటోళ్ళు మా వీధిలోంచి తిరుగుతారంటే..." అని మిగతాది మింగేశాడు.

"తిరిగితే ఏమవుద్దండీ?"

"తమకి తెలీందేముందండీ. అయినా గోడ అవతల మీకేం పనండీ?"

"గోడ అవతల కూడా మున్సిపాలిటీయేనండీ."

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. పెద్దపెద్దవాళ్ళు చేశారు. "ఆయ్, అలాగేనండీ. రూలు మార్చి పంపించండి, సంతకం పెట్టేస్తాను" అని ఆవిడ ఎంతో వినయంగా చెప్పేవారు. రూలు మారలేదు. ఆవిడ సీటు మారింది, దూరంగా వేరే ఊరికి వేశారు. కొత్తగా వచ్చినాయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ సందు చూసుకుని యజమాని గోడ లేపేశాడు.

పేటవాళ్ళు కమిషనర్ గారికి అర్జీ పెట్టుకున్నారు. విచారణ రోజున మేడమ్ గారు సెలవు పెట్టుకుని, బస్సులో వచ్చి, పేట ఆడవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. యజమాని ఆశ్చర్యపోయాడు.

"మీకు ట్రాన్స్‌ఫర్ అయిపోయింది కదండీ! ఇంకా మీకెందుకండీ?"

"ట్రాన్స్‌ఫర్ అయ్యింది నేనండీ. రోడ్డు కాదు."

ఆవిడ లేచి, తను చూసిందంతా నిదానంగా చెప్పారు. చివర, "నా మాట నమ్మొద్దండీ. ఒక్కసారి ఆ గట్టు మీద మీరే నడవండి" అన్నారు. కమిషనర్ గారు నడిచారు. సగం దూరంలో జారి మోకాళ్ళ దాకా బురదలో దిగబడ్డారు. పేట పెద్దావిడే చెయ్యిచ్చి లాగింది. వారం తిరక్కుండా గోడ పడగొట్టారు, రోడ్డు పేట దాకా వెళ్ళింది.

ఆవిడకి మాత్రం మెమో వచ్చింది, తనది కాని పనిలో తలదూర్చినందుకు. ప్రమోషన్ ఆగిపోయింది. ఏఈగా చేరారు, ఏఈగానే రిటైరయ్యారు. రిటైరైన రోజు సాయంత్రం, "బాధగా లేదాండీ?" అని అడిగాను.

"ఎందుకుండదమ్మా, ఉంది. ఉంటే ఉండనీ. దానికి భయపడితే ఎలాగ?"

సానుభూతి చెప్పబోయే వాళ్ళు దయచేసి ఆగండి. ఆవిడ నష్టపోయారని నేను ఒప్పుకోను. పదవి పేరు మారకుండా పోయిన మనిషి, ఊరి దారి మార్చి పోయారు. ఆవిడ కూర్చున్న గదిలోనే నేనిప్పుడు ప్లాన్లు చూస్తున్నాను. ఫోన్లు నాకూ వస్తున్నాయి. వినయంగానే మాట్లాడుతున్నాను.

రాజోలులో సమాధి కార్యక్రమానికి పేటవాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చారు. తిరిగి వస్తూ నేను వాళ్ళతోపాటే ఆ వీధిలో దిగాను. గోడ కూల్చినప్పుడు పునాది పూర్తిగా తవ్వలేదు, దాని మీదే తారు పోసేశారు. అక్కడ రోడ్డు అడ్డంగా కాస్త ఉబ్బి ఉంటుంది. పేటలో ఎవరింట్లోనో పెళ్ళి కాబోలు, షామియానా గొట్టాలు వేసుకుని ఒక ట్రాలీ ఆటో వచ్చింది. ఆ ఉబ్బు మీద ఎగిరిపడి, గొట్టాలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి. బండి ఆగలేదు. అలాగే పేటలోకి వెళ్ళిపోయింది.