మన్నా తిన్నావా నాయనా?

సహోదరులారా, సహోదరీలారా, గుడియాత్తంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడిని నేను, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవని ఒళ్ళు నాది, అలాంటివాడిని ఒక ఏడు జ్వరం పట్టుకుని వదలక, తిన్నది ఒంటబట్టక, మగ్గం తొక్కడానికి కాలు కూడా ఆనని స్థితికి వచ్చేశాను! వేలూరు ఆసుపత్రిలో రక్తం చూసి హెచ్.ఐ.వి. అన్నారు. నాకు పెళ్ళి మాటలు నడుస్తున్న రోజులవి, ఆ మాటలు అక్కడితో ఆపించేశాం. రోజూ ఒక మాత్ర, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి, ఆపితే ప్రాణానికే ముప్పు అని అక్కడి కౌన్సెలరమ్మ తమిళంలో నిదానంగా చెప్పి పంపింది. ఈ సంగతి నాకూ మా అమ్మకూ తప్ప వీధిలో ఇంకెవరికీ తెలియదు.

మాత్ర మింగడం కష్టం కాదు, దాచుకుని మింగడమే కష్టం! డబ్బా కదిలితే గలగలమంటుందని అందులో తెగిన నూలు కుక్కేవాడిని. పొద్దున్నే చుట్టాలు దిగితే ఆ రోజు మాత్ర లేదు, పక్క మగ్గంవాడు ముందే వచ్చి కూర్చుంటే లేదు, మాటిమాటికీ వేలూరు ఎందుకని అడుగుతారని మందులకు వెళ్ళడమే వాయిదా వేసేవాడిని. అమ్మ పోరు పడలేక ఎక్కువ రోజులు వేసుకున్నాను కాబట్టి ఒళ్ళు తేరుకుంది, దేవునికి స్తోత్రం!

మళ్ళీ రక్తం చూశారు. నేను మందుల వరుసలో నిలబడి ఉంటే ఫలితం అమ్మ విన్నది. "కిరుమి తెరియలమ్మా" అంది కౌన్సెలరమ్మ, అంటే క్రిమి కనబడలేదని. ఆమె తర్వాతి మాట ఎత్తేలోపే మా అమ్మ వరండాలోకి వచ్చి మోకాళ్ళూనింది!

"లేదంట నాయనా! క్రిమి లేదంట! యేసయ్యా, నా బిడ్డ రక్తం కడిగినావు తండ్రీ!"

ఇంటికి రాగానే స్తోత్ర కూడిక పెట్టింది, పొన్నై నుంచి మేనమామవాళ్ళు కూడా వచ్చారు, జబ్బు పేరు చెప్పకుండా బిడ్డ రక్తంలోని రోగం దేవుడు తీసేశాడని అందరికీ చెప్పుకుంది. "ఇంకా మాత్ర మింగితే ఆయన్ను నమ్మనట్టే గదా" అంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే! ఆ రోజే డబ్బా అటక ఎక్కింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత జ్వరం తిరిగి వచ్చింది, నోరంతా తెల్లగా పూసి గంజి కూడా దిగలేదు, అమ్మే నన్ను పట్టుకుని బస్సెక్కించింది. కౌన్సెలరమ్మ మమ్మల్ని తిట్టలేదు. మా అమ్మ చేయి పట్టుకుని, "తెరియలన్నా ఇల్లన్ను అర్తమిల్లమ్మా" అంది. కనబడలేదంటే లేదని కాదు, మాత్ర వేసుకున్నంతకాలం అణిగి ఉంటుంది, ఆపితే లేస్తుంది అని విడమరిచి చెప్పింది. మళ్ళీ మొదలుపెడితే బతుకుతావని డాక్టరు ధైర్యం చెప్పాడు.

తిరుగు బస్సెక్కి అమ్మ పక్కన కూర్చున్నాను. దేవుడు తన మొర వినలేదేమో అన్న బాధ ఆమెది, ఆమెను చూస్తే నాకు నా జ్వరం కంటే ఎక్కువ దుఃఖం వచ్చింది. పళ్ళికొండ దాటగానే ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "ఒరే నాయనా, ఎడారిలో ఆయన తన జనానికి తిండిగా మన్నా కురిపించినాడు గదా, రేపటికని దాచుకోనిచ్చినాడా? యా పొద్దుది ఆ పొద్దే ఏరుకోవాల. నీ మాత్ర గూడా అంతే. ఆయన ఇచ్చిందే, నేను సరిగ్గా చూసుకోలేదు."

ఆమెకు అక్షరం ముక్క రాదు, చర్చిలో చెవులతో విన్నదే ఆమె చదువు!

మర్నాడు అటక మీది డబ్బా పారేసి కొత్త మాత్ర తన అరచేతిలో పెట్టుకుని ప్రార్థన చేసింది. "యేసయ్యా, ఈ పొద్దు మన్నా ఇచ్చినావు, స్తోత్రం. రేపటిది నీ చేతిలో ఉండాది." అప్పటినుంచి చుట్టాలున్నా సరే, వీధి నిండా జనం ఉన్నా సరే, "మన్నా తిన్నావా నాయనా?" అని వాకిట్లోంచి గట్టిగా కేకే! కేక అందరికీ, అర్థం మా ఇద్దరికే! పక్కింటి పిన్ని మన్నా అంటే దేవుని వాక్యమని, బైబిలు చదివావా అని అడుగుతోందని అనుకుని నా భక్తిని మెచ్చుకునేది. తమిళంలో మన్నా అంటే రాజా అని కదా, మగ్గాల దగ్గర తమిళంవాళ్ళకు అది అమ్మ ముద్దుగా పిలిచినట్టు వినబడి, "ఎన్న మన్నా, సాప్టియా?" అని, అంటే ఏం రాజా, తిన్నావా అని, వాళ్ళూ ఎగతాళి మొదలుపెట్టారు. వీధి వీధంతా నాకు మాత్ర గుర్తు చేసింది, దేవుని పని చూడండి! నా కాళ్ళకు మళ్ళీ మగ్గం దొరికింది. ఈమధ్య రక్తం చూసి మళ్ళీ "తెరియలమ్మా" అంటే మా అమ్మ కదలకుండా కూర్చుని, "కనబడలేదా, లేదా? సరిగ్గా చెప్పు తల్లీ" అంది. కౌన్సెలరమ్మ పగలబడి నవ్వింది.

పిన్నీ, మగ్గాల అన్నలారా, మీరు ఇన్నాళ్ళూ విన్న మన్నా ఇదే. ఇదిగో, మాత్రల డబ్బా జేబులోంచి తీస్తున్నాను. ఇందులో ఇప్పుడు నూలు లేదు, గలగలమంటోంది, వినండి! చెప్పడానికి నాకు భయం లేదు, ఎందుకంటే నన్ను బతికించినవాడు సిగ్గుపడే దేవుడు కాదు. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి డబ్బా నూలు కుక్కి ఉంటే, ప్రార్థన చేయండి, మాత్రా వేసుకోండి, ఈ రెండింటికీ తగవు పెట్టకండి. ఒంటరిగా వేలూరు వెళ్ళలేకపోతే నన్ను పిలవండి, బస్సులో మీ పక్కన కూర్చుంటాను. ఆయన నేటికి చాలినంత ఇస్తాడు, రేపు మళ్ళీ ఇస్తాడు, నమ్మి చేయి చాపండి. మహిమ అంతా దేవునికే!

ముందు వరుసలో కూర్చున్న మా అమ్మ పొద్దుటినుంచీ అడగాలని చూస్తోంది. తిన్నానమ్మా, ఈ పొద్దు మన్నా తిన్నాను.