కొత్తగానే ఉండిపోయిన ముందు సీటు

మొన్న ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వస్తుంటే పక్కనున్న యువకుడి ఫోన్‌లో కార్ల పందెం నడుస్తోంది. చూడకూడదనుకుంటూనే చూశాను. పందెం అయ్యాక మైకు పట్టుకుని మాట్లాడుతున్న నెరిసిన జుట్టు మనిషి కనబడగానే, ఎప్పుడో తప్పిపోయిన దగ్గరి బంధువు ఎదురైనట్టయింది. ఆయన ఇంగ్లండు దేశపు రేసు డ్రైవరు. నేనొకణ్ణి ఈ భూమ్మీద ఉన్నానని కూడా ఆయనకు తెలియదు.

వేరు రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న ఆ ఏళ్ళలో, రెండు వేల తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా, ఆదివారం సాయంత్రం కరెంటు ఉంటే టీవీలో నాకు తోడు ఆయనే. మొదట్లో నేలకు అతుక్కున్నట్టుండే స్పోర్ట్స్ కార్లు నడిపేవాడు. తన జట్టులో చోటు పోయాక టూరింగ్ కార్లకు వచ్చాడు. అవి చూడటానికి మన వీధుల్లో తిరిగే నాలుగు తలుపుల కార్లే. ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, అద్దాలు ఊడగొట్టుకుంటూ పోతాయి. అలా కిందికి వచ్చినవాడు తల ఎలా ఎత్తుకుంటాడో చూడాలని నాకు వింత ఆరాటంగా ఉండేది, ఎందుకంటే నేనూ అప్పుడే కిందికి దిగి ఉన్నాను.

మాది దేశ్‌ముఖుల ఇల్లు. భూములు కొన్ని చట్టాలకు, కొన్ని మావాళ్ళ షోకులకు పోగా నా వంతుకు మిగిలింది నాన్న కొన్న తెల్ల అంబాసిడర్ ఒక్కటే. మా ఇంట్లో మగవాళ్ళు వెనక సీట్లోనే కూర్చునేవారు, స్టీరింగ్ ముట్టుకునేవారు కాదు. డ్రైవరును పెట్టుకునే స్తోమత పోయాక, తల నెరిసే వయసులో నేర్చుకుని, ఎల్లారెడ్డి–కామారెడ్డి మధ్య కిరాయికి తిప్పడం మొదలుపెట్టాను. బండి నడవకపోతే అమ్ముకోవలసిందే. అదీ పోతే మా ఇంటి పేరు నిలిపే వస్తువంటూ ఏదీ ఉండదు.

ఎల్లారెడ్డి బస్టాండు బయట కిరాయి జీపులు వరుసలో నిలిచేవి. వంతు వచ్చినవాడు లింగంపేట, తాడ్వాయి, కామారెడ్డి అని గొంతెత్తి పిలవాలి. నేను పిలవలేదు. ఇస్త్రీ చొక్కాతో, వీపు సీటుకు ఆనకుండా కూర్చునేవాణ్ణి. మా వైపు ఊళ్ళవాళ్ళు కారు దాకా వచ్చి, నన్ను చూసి, “అయ్యో దొరా, మీరు తోలుతుంటె మేం ఎన్క కూసునుడా?” అని వెనక్కి తగ్గేవారు. ముందు సీట్లో నా సరసన కూర్చోవడమైతే వాళ్ళ ఊహకే రాదు. దాన్ని గౌరవమనుకుని, ఖాళీ కారుతోనే తృప్తిగా ఇంటికి పోయేవాణ్ణి.

ఒకనాడు జీపు చాటున నిలబడ్డ నన్ను గమనించక, కూలికి పోయే ఒకావిడ తోటివాళ్ళతో అంటోంది: “ఆ దొర కార్లనా? వద్దే తల్లీ! నవ్వరాదు, దగ్గరాదు, కామారెడ్డి దాక బొమ్మ లెక్క కూసోవాలె. జీపుల ఇరుకైనా ఇంత ముచ్చట పెట్టుకుంటం.” అందరూ పడీ పడీ నవ్వారు. నేను వచ్చి నా సీట్లో కూర్చున్నాను, ఎప్పటిలాగే నిటారుగా.

ఆ ఆదివారమే టీవీలో ఆ ఇంగ్లండు డ్రైవరు కారును వెనకనుంచి ఎవడో గుద్ది గడ్డిలోకి నెట్టేశాడు. కోపంతో ఊగిపోతాడనుకున్నాను. ఆయన హెల్మెట్ తీసి, గుద్దినవాడి మెకానిక్కుల దగ్గరికే పోయి, వాళ్ళ మధ్య పాత టైరు మీద కూర్చుని, వాళ్ళతో ఏదో అని నవ్వుతూ మిగతా పందెం చూశాడు. నేను పందెం చూడలేదు, ఆ టైరునే చూశాను.

ఆ తరువాత కొన్నాళ్ళకు, నేనెవరో ఎరగని, బీర్కూర్ నుంచి వచ్చిన అవ్వ ఒకతె, కామారెడ్డి ఆసుపత్రిలో కూతురి కాన్పుకు పోతూ, ముందు తలుపు తీసి నా పక్కనే కూర్చుని మూట మా ఇద్దరి మధ్య పెట్టింది. ఎప్పుడు తీస్తావని అడిగితే కారు నిండాలన్నాను. “నిండాల్నంటె పిలువాలె గద బిడ్డా! నోరు లేదా ఏంది నీకు?” అని, కిటికీలోంచి తల బయటపెట్టి, “రాండ్రి, జాగున్నది రాండ్రి! మా డ్రైవరుకు జర సిగ్గెక్కువ!” అని కేకేసింది. నవ్వుకుంటూ జనం ఎక్కారు. దారిపొడుగునా కరెంటు గురించీ అల్లుళ్ళ గురించీ వాదులాటే. ఎవరో ఉడికించిన పల్లికాయలు నా చేతిలో పోశారు. నన్ను డ్రైవరని పిలవడం అదే మొదలు. బాధ కలగనందుకు నాకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు వంతు రాగానే గొంతు సవరించుకున్నాను. ఊళ్ళ పేర్లు నోట్లోనే ఉండిపోయాయి. ఆ మర్నాడూ అంతే. రాష్ట్రం వచ్చిన ఏడు కారు అమ్మేశాను. కొన్నవాడు లోపలంతా తడిమి చూసి, ఇంత పాత బండిలో ముందు సీటు, డ్రైవరు పక్కవైపు మాత్రం, కొత్తగా ఎలా ఉందని అడిగాడు. తాళాలు అతని చేతిలో పెట్టాను. ఆ ఏటి తరువాత ఆ ఇంగ్లండు డ్రైవరు కూడా పందేల్లో కనబడలేదు.

ఇప్పుడు నేనెవరో ఎవరికీ తెలియదు. బస్సులో ఎవరైనా వచ్చి నా పక్కన భుజం తగిలేలా కూర్చుంటారు, అయితే ఎవరి ఫోన్ వారిది. అప్పట్లో నన్ను తప్పించుకుని పోయి జీపుల్లో చెప్పుకున్న ఆ ముచ్చట్లు కూడా ఎక్కడా వినబడవు. మొన్న బస్సు లింగంపేటలో ఆగినప్పుడు నా పెదవులు వాటంతటవే కదిలాయి: తాడ్వాయి, కామారెడ్డి. పక్కనున్న యువకుడు చెవిలోంచి తీగ తీసి, “ఏమన్న అన్నరా పెద్దాయనా?” అని అడిగాడు.

ఏమీ లేదన్నాను. అతను తీగ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.