పసుపు రాసిన మణుగు గుండు

మొన్న మా మనవరాలు హారికకి కొరియర్‌లో ఒక అట్టపెట్టె వచ్చింది. తెచ్చిన కుర్రాడు దాన్ని గుమ్మంలో దింపి, "రాళ్ళు తెప్పించుకున్నారా మేడమ్?" అని నడుం పట్టుకున్నాడు. హారిక పెట్టెను హాల్లోకి ఈడ్చి, అట్ట చింపి, లోపలున్నది పైకి తీయబోయి చేజార్చింది. ఆ చప్పుడుకి వంటింట్లోంచి పరుగున వచ్చాను. నేల పలకలు పగిలాయేమోనని కాదు. ఇనుము నేలను తాకితే వచ్చే ఆ మొద్దు చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! నల్లగా, గుండ్రంగా, నెత్తిన పిడితో హాలు మధ్య కూర్చుని ఉంది. "కెటిల్‌బెల్ నానమ్మా! ఇంట్లోనే ఎక్సర్‌సైజు మొదలుపెడదామని. నువ్వు ముట్టుకోకు, నడుం పట్టేస్తుంది" అంది. నేను వెళ్ళి పసుపు డబ్బా తెచ్చుకున్నాను. "దీనికి కూడా పూజ చేస్తావా?" అని అది పడీ పడీ నవ్వింది. నాకు కోపం రాలేదు. సరిగ్గా ఈ పొరపాటే ఒకప్పుడు విజయనగరంలో ఒక వీధి వీధంతా చేసింది. వాళ్ళలో నేనూ ఉన్నాను.

అరవైల చివర్లో, పాతపట్నం దగ్గర పల్లె నుంచి నేను ఆ వీధిలో ఒక ఇంటికి కోడలిగా వెళ్ళాను. మా మావగారు గుడిలో సన్నాయి వాయించేవారు. ఊరందరికీ ఆయన మేస్టారు. నేను రావడానికి కొన్నేళ్ళ ముందే పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. సన్నాయి మూలన చేరింది గానీ పాఠం మాత్రం ఆగలేదు. రోజూ పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని, నోటితో స్వరం పలికి శిష్యులకి చెప్పేవారు. లోపలి మంచం మీంచి ఆయన్ని లేపి, తనకు ఆనించుకుని, అడుగులో అడుగు వేయిస్తూ అరుగు దాకా తెచ్చేది మా అత్త అప్పలనరసమ్మ. ఆయన ఆరడుగుల మనిషి. ఆవిడ ఆయన భుజం దాకా కూడా రాదు. శిష్యులు సాయం పట్టబోతే ఆయన కసురుకునేవారు. "మీరు మోసుకొచ్చి పడేసిన మేస్టారు పాఠం సెప్తే మీకేటి వస్తాదిరా?" అనేవారు. అరుగు మీదికి రాలేని రోజు తన పని అయిపోయినట్టేనని ఆయన లెక్క. మా ఆయన సాలూరులో లారీల బుకింగాఫీసులో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చేవాడు. కాబట్టి ఆ ఇంట్లో మేస్టారుగిరీ నిలబడినా పడినా అత్త చేతుల్లోనే.

అంత చిన్న మనిషికి అంత బలం ఎక్కడిదంటే వీధిలో అందరి దగ్గరా ఒకటే జవాబు. అమ్మవారు. మా దేవుడి గదిలో, ఎర్రగుడ్డ మీద, ఒళ్ళంతా పసుపుతో గుండ్రటి విగ్రహం ఒకటి ఉండేది. తెల్లవారుతూనే అత్త ఆ గదిలోకి వెళ్ళి గడియ వేసుకునేది. కాసేపటికి లోపలి నుంచి "హుస్... హుస్..." అని బుసలు వినిపించేవి. అమ్మవారు పూనిందని ఇరుగమ్మలూ పొరుగమ్మలూ గుమ్మం అవతల చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. పిల్లలకి జ్వరమొస్తే గడప దగ్గర అరటిపళ్ళు పెట్టి మొక్కుకునేవాళ్ళు. నన్ను మాత్రం కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్త హెచ్చరించింది. "ఆ గదిలోకి ఎల్లకే గుంటా." నేనసలే పిరికిదాన్ని. ఆ గది ముందు నుంచి పోవాల్సి వస్తే కళ్ళు మూసుకుని లెంపలు వేసుకుని పోయేదాన్ని.

ఒకరోజు గడియ సరిగ్గా పడలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అగ్గిపెట్టె దేవుడి గదిలో ఉంది. అత్తనే అడిగి తీసుకుందామని తలుపు మీద వేలితో తట్టాను. అది తెరుచుకుంది. లోపల మా అత్త చీర గోచీ పోసి కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడి, అమ్మవారిని రెండు చేతులా పట్టుకుని కాళ్ళ సందులోంచి వెనక్కి ఊపి, హుస్సుమని ముందుకు విసురుతోంది. అమ్మవారు గుండెల దాకా లేచి మళ్ళీ కాళ్ళ మధ్యకి పోతోంది. ఒక్క కేక పెట్టాను. ఇల్లు మునిగిపోయిందనుకున్నాను. ఈవిడకి పిచ్చెక్కింది, అమ్మవారు ఊరుకోదు, మా అందరికీ మూడింది అనుకున్నాను.

అత్త తొణకలేదు. ఊపు తగ్గించి, తీరిగ్గా దాన్ని కింద పెట్టి, "ముందు తలుపెయ్యి" అంది.

"అత్తా, అమ్మవారిని అలాగ... కాళ్ళ మధ్య..."

"అమ్మవారేటే? మా అయ్య బియ్యం కొట్లో మణుగు గుండు."

నేను కూలబడ్డాను. అత్త నా పక్కనే కూర్చుని పమిటతో మొహం తుడుచుకుంది. మేస్టారు మంచాన పడిన కొత్తల్లో ఆయన్ని లేపలేక, ఆయన పక్కన కూర్చుని ఏడిచేదట. ఒకరోజు ఆవిడ తండ్రి చూశాడు. ఆయనకి బియ్యం కొట్టు ఉండేది. వయసులో గరిడీలో సాము చేసిన మనిషి. కిలోలొచ్చి మణుగులు పోయిన రోజులవి. పాత గుండ్లు కొట్లో ఒక మూలన పడి ఉన్నాయి. మర్నాడే పిడి ఉన్న మణుగు గుండొకటి, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైమాటే, గోనెలో పెట్టి తెచ్చి కూతురి ముందు పెట్టాడు. "ఏడుపుతో మనిషి లేస్తాడేటే? ఇది లేపడం నేర్చుకో" అన్నాడు. ఆడది గరిడీ పని చేస్తోందంటే వీధిలో తలెత్తుకోనివ్వరు. లోపలి నుంచి గడియ పడే గది దేవుడి గదొక్కటే. చెమటకి పిడి జారకుండా చేతులకి పసుపు రాసుకునేది. ఆ పసుపు గుండుకీ అంటుకుంది.

"పక్కింటామె ఒకరోజు తొంగి సూసి దండమెట్టేసింది. నానేటీ సెప్పనేదు. ఆవిడ దండం, ఆవిడిష్టం" అంది అత్త.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ నేను లెంపలు వేసుకున్నది బియ్యం తూచే గుండుకా అని ఒళ్ళు మండింది కూడా. ఆ దిమ్మ తీరక ముందే అత్త రెండో పిడుగు వేసింది.

"రేపట్నుంచి నువ్వూ రా. నా మోకాలు పోతన్నాది. నాను పడితే ఆ మనిషిని అరుగు మీదికి తెచ్చేదెవరు?"

"మావగారిని నేను ముట్టుకోడమా!"

ఈ మాట ఇప్పటి వాళ్ళకి అర్థం కావడం కష్టం. ఆ రోజుల్లో కోడలు మావగారి ఎదుట పడేది కాదు. నేను ఆయనతో ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి గోడకి చెప్పినట్టు చెప్పేదాన్ని. అలాంటిది ఆయన్ని చేతులతో పట్టుకుని లేపాలి! అత్త మాత్రం కూర తరగమన్నంత మామూలుగా చెప్పింది. "ముందు గుండెత్తు. ముట్టుకోడం తరవాత సూద్దాం."

ముందు గుండు కూడా ఇవ్వలేదు. వట్టి చేతులతో, పీట మీద కూర్చుని లేవమంది. వీపు వంగకుండా, చేతులు నేలకి ఆనించకుండా. చాలా రోజులు అదే పని. గుండు చేతికొచ్చిన రోజు, ఇంతేకదా అని దాన్ని అందుకుని అలవాటు చొప్పున ఎడమ పక్కకి లాగి సంకలో పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నూతి నీళ్ళు మోసిన ఒళ్ళు కదా, బరువు కనిపిస్తే నడుం దానంతటదే పక్కకి ఒరిగిపోతుంది. అత్త వీపు మీద ఒకటి చరిచింది.

"నీల్ల బిందేటే అది, సంకనెట్టుకుంటన్నావు? మనిషిని సంకనెట్టుకుంటే ఇద్దరూ పడతారు. కాల్ల మధ్య ఉండాల బరువు. తుంటి ఎనక్కి తీయి. ఇప్పుడు తుంటితో తొయ్యి, సేతుల్తో కాదు. ఊపిరొదులు!"

ఊపిరి, ఊపిరి అని చంపుకు తినేది. నేను బిగబట్టేసేదాన్ని. బరువు పైకొచ్చాక వదిలేదాన్ని. నెలలు గడిచే కొద్దీ నా చేతికి గాజులు బిగిశాయి. మా అమ్మ చూడ్డానికొచ్చి నా చెయ్యి పట్టుకుని నిర్ఘాంతపోయింది. "ఓలమ్మా, మొగోడి సెయ్యొచ్చేసిందేటే! ఈ ఇంట్లో నీ సేత ఏటి సేయిస్తన్నారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అమ్మవారి సేవ" అన్నాను. అత్త అటు తిరిగి పమిట నోట్లో కుక్కుకుంది.

ఒకరోజు ముసురు పట్టి ఉంది. శిష్యులు అరుగు మీద శ్రుతి సరిచూసుకుంటున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. లోపలి గదిలోంచి ఏదో కూలిన చప్పుడు వినిపించింది. వెళ్ళేసరికి అత్త మోకాలు పట్టుకుని గడప దగ్గర పడి ఉంది. మావగారు నేల మీద, గోడకి జారగిలబడి ఉన్నారు. శ్రుతి ఆగిపోయింది. శిష్యులు లేచి వస్తున్నారని అడుగుల చప్పుడుని బట్టి తెలుస్తోంది.

"ఎవడూ లోనికి రావొద్దు!" అని మావగారు అరిచారు. తరవాత గొంతు తగ్గించి, "నన్నిలాగే ఒదిలేయండి. పాఠం నేదని సెప్పండి. ఇంక నేదని సెప్పండి" అన్నారు.

అత్త నా వైపు చూసింది. "పసుపు" అంది. అంతే.

నేను పసుపు రాసుకుంటుంటే సగం నేల మీద పోయింది. ఆయన మొహం గోడ వైపు తిప్పేసుకున్నారు. "కోడలి సేతనా!" అన్నారు. ఆ గొంతులోని సిగ్గు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను ఆయన ఎదుట గొంతుకిలా కూర్చుని, చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి వీపు వెనక కలిపాను. మా నాన్న తరవాత, మా ఆయన తరవాత నేను తాకిన మగమనిషి ఆయనే. తుంటి వెనక్కి తీసి తోశాను. మావగారు లేచారు. ఆరడుగుల మనిషి నా భుజం మీద చేయి వేసుకుని నిలబడ్డారు. నేను లేపానా అని నాకే నమ్మకం కలగలేదు.

అడుగులో అడుగు వేస్తూ వీధి గుమ్మం దాకా వచ్చాం. అక్కడ ఆయన ఆగారు. ఆగి, మొదటిసారిగా నాతో సూటిగా మాట్లాడారు.

"మీ అత్త ఊపిరి ముందే ఒదుల్తాది. నువ్వు సివర్న ఒదుల్తన్నావు. తోసినప్పుడే ఒదులమ్మా, తేలికవుతాది."

లోపలి గది గడప దగ్గర పడి ఉన్న అత్త మోకాలి నొప్పి మరిచిపోయి నోరు తెరిచింది. "ఏటీ! నీకు తెలుసా?"

"బతుకంతా సన్నాయి ఊదినోడిని. గోడవతల మనిషి ఊపిరి ఏటి సేస్తన్నాదో నాకు తెలవదా? ఈమధ్య రెండు ఊపిర్లు ఇనిపిస్తన్నాయి" అన్నారాయన.

"మరిన్నాల్లూ సెప్పనేదేటి?"

"నువ్వు దాసుకుంటన్నావు కదా. దాసుకోనీ అనుకున్నాను."

మా అత్త మొహం ఎర్రబడింది. పెళ్ళినాడు కూడా ఆవిడ అంత సిగ్గుపడి ఉండదు. ఆ తరవాత చాలా ఏళ్ళు, మావగారు పోయేదాకా, ఆయన్ని అరుగు మీదికి తెచ్చింది నేనే. వీధివాళ్ళు అమ్మవారు కోడలికి దిగిందన్నారు. మేం కాదనలేదు. ఆయన పోయాక కూడా అత్త నన్ను ఒక్క రోజు మాననివ్వలేదు. "ఎవరు ఎప్పుడు పడతారో తెలవదే" అనేది. ఆ పడేది తనేనని ఆవిడకి తెలుసేమో.

అత్త మంచాన పడి కొద్ది రోజులే ఉంది. ఒక పొద్దున ఎండ బాగా కాస్తోంది. "అరుగు మీద కూకోబెట్టే" అని అడిగింది. నేను పసుపు రాసుకున్నాను. మావగారిని లేపిన చేతులవి, ఆ బరువే గుర్తున్న ఒళ్ళు. తుంటి వెనక్కి తీసి, ఊపిరి వదులుతూ ఒక్క తోపు తోశాను. ఆవిడ బరువే లేదు. అంత విసురుకి నేనే వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నాను. ఆవిడ నా మెడ కరుచుకుని ఉండిపోయింది. అంత బలమున్న మనిషి ఎప్పుడు ఇలా అయిపోయిందో! ఆవిడేమో నా చెవి దగ్గర నవ్వింది.

"అంత బలమెందుకే గుంటా? నానే కదా."

మొన్న హారిక నవ్వు ఆపాక, దాని రెండు అరచేతులకీ పసుపు రాశాను. పీట తెచ్చి వేసి, ముందు వట్టి చేతులతో కూర్చుని లెమ్మన్నాను. అది చేస్తూ ఉంటే వెనకాల నిలబడి దాని ఊపిరి విన్నాను. ఆ రోజు అత్తను లేపినప్పుడు ఎక్కువైపోయిన బలం ఇంకా నా చేతుల్లోనే ఉంది.